పాండవులు మా మెట్టకి రాలేదు

పాత టీవీ సీరియళ్ళ గురించి రేడియోలో మాట్లాడమనడం సవతిని పొగడమన్నట్టే ఉంది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే కథని ముక్కలు చేసి రోజుకింత చెప్పించుకునే అలవాటు మాకు టీవీ పెట్టెతో రాలేదు. అంతకు చాలా ముందునుంచే ఉంది.

మాది పెద్దాపురం. ఆషాఢమాసంలో మరిడమ్మ తల్లి జాతర మొదలైతే నెల దాటి సాగుతుంది. ఆ రాత్రుళ్ళు బుర్రకథలు, హరికథలు, నాటకాలు ఎన్ని చూశామో లెక్కలేదు. మిగతా రోజుల్లో రామాలయంలో పురాణ కాలక్షేపం ఉండేది. ద్రౌపది జుట్టు మీద దుశ్శాసనుడి చెయ్యి పడిందో లేదో, పంతులుగారు చటుక్కున పుస్తకం మూసేసి మంగళం పాడేసేవారు. మిగతాది రేపు. కథ అందరికీ తెలిసిందే. అయినా రాత్రంతా మా అమ్మమ్మకి నిద్రపట్టేది కాదు. తర్వాత వారపత్రికలొచ్చాయి. యద్దనపూడి సులోచనారాణిగారి నవలో, యండమూరి వీరేంద్రనాథ్ గారి నవలో సరిగ్గా పట్టులో పడేసరికి కింద 'సశేషం' అని ఉండేది. పత్రిక కొనేది ఒక ఇంట్లో, చదివేది వీధంతా. ఇక రేడియో సంగతి మీకు వేరే చెప్పాలా? 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం, నండూరి సుబ్బారావుగారి 'గణపతి' నాటకంతో ఎన్ని ఇళ్ళని నవ్వించిందో!

కాబట్టి టీవీలో సీరియల్ అనేది వచ్చేనాటికి మేము చూపరులుగా బాగా ఆరితేరే ఉన్నాం.

మన దేశంలో ఈ వరస 'హమ్ లోగ్'తో మొదలైంది. 1984 జులై 7న తొలి భాగం. మెక్సికోలో మిగెల్ సబీదో అనే ఆయన కుటుంబ నియంత్రణ, వయోజన విద్య లాంటి విషయాలను ఏడుపు కథల్లో కలిపి జనానికి ఎక్కించారు. అది అప్పటి మన కేంద్రమంత్రి వసంత్ సాఠేగారికి నచ్చింది. ఆ దారిలోనే మనోహర్ శ్యామ్ జోషి 'హమ్ లోగ్' రాశారు. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పి వెళ్ళేవారు. నీతి కోసం పెట్టిన సీరియల్ అది. జనం నీతిని వదిలేసి పాత్రల్ని పట్టుకున్నారు. జోషిగారికి అది ముందే తెలుసని నా అనుమానం.

మా వీధిలో టీవీ కుదురుకునేసరికి 'బునియాద్' సీరియల్ నడుస్తోంది. ఇప్పుడు పిల్లలకి చెబితే నవ్వుతారు గానీ, టీవీ చూడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. డాబా మీద ఒకడు యాంటెనా తిప్పాలి, వీధిలో ఒకడు నిలబడి కేకలు అందించాలి, గదిలో ఒకరు బొమ్మ చూసి చెప్పాలి. "వచ్చిందా?" "చుక్కలొస్తున్నాయి!" "ఇప్పుడో?" "వచ్చింది, వచ్చింది... అయ్యో, పోయింది!" ఇంత చేశాక బొమ్మ నిలబడితే, 'అంతరాయానికి చింతిస్తున్నాం' అనే అట్ట ప్రత్యక్షమయ్యేది. పెట్టెకి చెక్క తలుపులు, వాటికి తాళం. తాళంచెవి ఇంటి యజమానిగారి మొలతాడుకి. యజమానిగారు భోజనం చేసి, చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని వచ్చేదాకా చాపల మీద ఇరవైమందిమీ నోరు మూసుకుని కూర్చునేవాళ్ళం.

ఇంతకీ సీరియల్ హిందీలో. మా వీధికి హిందీ రాదు. ఒక్క పంతులమ్మగారు మాత్రం హిందీ ప్రచార సభవారి పరీక్షలన్నీ వరసగా పాసయ్యారు. కనుక ఆవిడకి గోడ దగ్గర కుర్చీ. మిగతావాళ్ళం కింద. ఆవిడ ఏది చెబితే అదే కథ. లాహోరులో మాస్టర్ హవేలీరామ్ ఒక పేజీడు మాట్లాడితే ఈవిడ, "అబ్బాయి మాట వినటం లేదని బాధపడుతున్నాడు" అని తేల్చేసేవారు. ఆయన భార్య లాజోజీ ఒక్క ముక్క అంటే మాత్రం తెలుగులో అది పది వాక్యాలయ్యేది. మధ్యలో మా వీధి కోడళ్ళకి తగిలే చురకలు కూడా పడేవి. పెద్దయ్యాక 'బునియాద్'ని మళ్ళీ చూశాను. రమేష్ సిప్పీ తీసినదాని కంటే మా పంతులమ్మగారు చెప్పినదే రసవత్తరంగా ఉందనిపించింది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ అవసరం పడలేదు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది గుర్తుంది కదండీ. లంకల్లో ఇళ్ళు కొట్టుకుపోయి మా పెద్దమ్మ, పిల్లలు కట్టుబట్టలతో మా ఇంటికొచ్చి తలదాచుకున్నారు. 'బునియాద్'లో దేశ విభజనప్పుడు ఆ కుటుంబం లాహోరులో ఇల్లు వదిలి మూటలతో బయల్దేరే ఘట్టం వచ్చింది. పంతులమ్మగారు నోరు తెరవబోతుంటే పెద్దమ్మ, "మీరు చెప్పక్కర్లేదు లెండి, నాకు తెలుస్తోంది" అంది. పంజాబు ఎక్కడుందో పెద్దమ్మకి తెలియదు. వెనక్కి తిరిగి చూసుకుంటూ గడప దిగడం తెలుసు.

1987 జనవరి 25న 'రామాయణ్' మొదలైంది. ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నర. దేశమంతా వీధులు ఖాళీ అయ్యాయని పత్రికలు రాశాయి. మా ఊరూ అంతే. తలంటి పోసుకుని, టీవీకి బొట్టుపెట్టి, అగరొత్తి వెలిగించి కూర్చున్నవాళ్ళని నేను చూశాను. కానీ మా ఊళ్ళో ఒక ఇబ్బంది ఉంది. సీతమ్మ అంటే మాకు అంజలీదేవిగారే. ఆవిడ పుట్టింది పెద్దాపురంలో. నటన నేర్చింది కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో. ఎస్.వి. రంగారావుగారు కూడా ఆ క్లబ్బులోని మనిషే. ఆవిడ సీతగా 1963లో వచ్చిన 'లవకుశ'ని మొదలుపెట్టిన సి. పుల్లయ్యగారిదీ కాకినాడే, ఆయన ఆరోగ్యం బాగోక కొడుకు సి.ఎస్. రావుగారు పూర్తి చేశారు. తెలుగులో పూర్తి రంగుల్లో వచ్చిన తొలి సినిమా అది. అలాంటి సీతమ్మని కన్న ఊళ్ళో దీపికా చిఖలియా అనే పిల్లని సీతగా ఒప్పుకోవాలంటే సులువా?

మొదటి నెలంతా వాదనలే. "కళ్ళు బాగానే ఉన్నాయి గానీ, ఆ దుఃఖం ఏదండీ?" "ఇంకా పెళ్ళే కాలేదు కదండీ, దుఃఖం ఎక్కణ్ణించి వస్తుంది!" "అంజలీదేవి పెళ్ళిలో కూడా దుఃఖంగానే ఉంటుందండీ." అరుణ్ గోవిల్ చిరునవ్వు మీద పెద్దగా తగాదా లేదు. 'లవకుశ' రాముడు ఎన్.టి. రామారావుగారితో పోల్చడమే అపచారమని అందరూ ముందే తీర్మానించుకున్నారు. యాభై రెండు భాగాలకని ఒప్పుకున్న సీరియల్ డెబ్బై ఎనిమిదికి సాగింది. 1988 జులై 31న పట్టాభిషేకంతో ఆపేశారు. అప్పుడు ఉత్తరాదిన పారిశుధ్య కార్మికులు, వాల్మీకిని తమ మూలపురుషుడిగా కొలిచేవాళ్ళు, ఉత్తర రామాయణం కూడా చూపించాలని సమ్మెకి దిగారు. సీరియల్ కోసం సమ్మె! దాంతో 'లవ్ కుశ్' వచ్చింది. అది మొదలైన రోజున మా వీధిలో ఒక పెద్దావిడ, "ఇది మా అంజలి ఎప్పుడో చేసేసిందమ్మా" అని లేచి వెళ్ళిపోయారు. మళ్ళీ వారం ముందు వరసలో కూర్చున్నారనుకోండి.

'మహాభారత్' దగ్గర మా పిల్లల గొడవ వేరు. మా ఊరికి పాండవుల మెట్ట ఉంది. వనవాసంలో పాండవులు అక్కడే ఉన్నారని, గుహలోంచి రాజమండ్రి గోదావరి దాకా సొరంగం ఉందని ఊరంతా చెప్పుకుంటుంది. కొండరాయి మీద పెద్ద పెద్ద పాదాల గుర్తులున్నాయి. అవి భీముడివి. ఇందులో మాకు అనుమానమే లేదు. బి.ఆర్. చోప్రాగారి సీరియల్ 1988 అక్టోబరు 2న మొదలైంది. జూదం ఘట్టం గడిచింది, పాండవులు అడవులకు బయల్దేరారు. ఇక వచ్చే ఆదివారం మన మెట్టకి వచ్చేస్తారని మా పిల్లల లెక్క. భీముడి వేషం వేసిన ప్రవీణ్ కుమార్ ఆసియా క్రీడల్లో డిస్కస్ విసిరి బంగారు పతకాలు తెచ్చిన మనిషని ఎవరో చెప్పారు. అంత మనిషైతే ఆ పాదం సరిపోతుందని పందెం. ఒక కుర్రాడు తాడు పట్టుకుని మెట్టెక్కి పాదం కొలుచుకుని వచ్చాడు కూడా. అరణ్యవాసం ఒక వారం, రెండు వారాలు, ఇంకో వారం. అడవి చూపించారు, యక్షుణ్ణి చూపించారు, చెరువు చూపించారు. మా మెట్ట రాలేదు. పాండవులు సరాసరి విరాటుడి కొలువుకి వెళ్ళిపోయారు. తాడు కుర్రాడు వాళ్ళ నాన్నని నిలదీశాడు: "మన మెట్టని ఎందుకు వదిలేశారు?" ఆయన తొణక్కుండా, "అది అజ్ఞాతవాసంరా. ఎక్కడున్నారో చెప్పేస్తే ఇంకేం అజ్ఞాతం?" అన్నారు. వనవాసాన్ని చప్పుడు లేకుండా అజ్ఞాతవాసంగా మార్చేశారని మాకు అప్పట్లో తట్టలేదు. సొంత ఊరి పురాణం అలా దక్కింది. ఈ సమాధానం రాహీ మాసూమ్ రజాగారు వింటే ఆయన కూడా మెచ్చుకునేవారు. ముస్లిం రచయిత మహాభారతానికి మాటలు రాశాడని మా పంతులమ్మగారు ఎంత గర్వంగా చెప్పేవారో!

హైదరాబాదు దూరదర్శన్‌లో తెలుగు సీరియళ్ళూ వచ్చేవి. ధర్మవరపు సుబ్రహ్మణ్యంగారి 'ఆనందో బ్రహ్మ' చూసి నవ్వనివాళ్ళు మా వీధిలో లేరు. అప్పటి పద్ధతి ఏమిటంటే దూరదర్శన్ పదమూడు వారాల లెక్కన సీరియల్‌కి అనుమతి ఇచ్చేది. పదమూడు, కాకపోతే ఇరవై ఆరు. రాసేవాడికి చివర ఎక్కడుందో మొదటి రోజే తెలుసు. అందుకే ఆ కథలకి ఒక నడుము, ఒక కొస ఉండేవి. ప్రభుత్వ కార్యాలయం పెట్టిన నిబంధన కళకి మేలు చేసిన సందర్భాలు చాలా తక్కువ. ఇది ఒకటి.

1995లో రెండు తెలుగు ఛానళ్ళు వెంటవెంటనే వచ్చాయి: ఫిబ్రవరిలో జెమినీ, ఆగస్టు 27న ఈటీవీ. డాబాల మీద యాంటెనాలు దిగాయి, కరెంటు స్తంభాల మధ్య నల్లటి కేబుల్ తీగలు ఊగాయి. పంతులమ్మగారి కుర్చీ పోయింది. ఇప్పుడు అంతా తెలుగే. ఈటీవీలో 'అన్వేషిత' వచ్చే రోజుల్లో రాత్రి పెరట్లోకి ఒంటరిగా వెళ్ళడానికి ఆడపిల్లలు భయపడేవారు. అందులో అచ్యుత్, యమున. అచ్యుత్ అంటే ఆ తరానికి ఇంటి మనిషి. 2002 డిసెంబరులో ఆయన చిన్న వయసులోనే గుండెపోటుతో పోతే, మా వీధిలో అన్నం సహించక పళ్ళెం ముందునుంచి లేచిపోయినవాళ్ళున్నారు. సినిమా హీరో పోతే బాధపడతాం. రోజూ మన భోజనాల వేళకి వచ్చినవాడు పోతే ఆ బాధ వేరు.

రోజువారీ సీరియల్‌ని తెలుగువాళ్ళకి మప్పింది మంజులా నాయుడుగారు. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', జెమినీలో 'చక్రవాకం', 2008 నుంచి 2013 దాకా 'మొగలిరేకులు'. చివరి రెండూ వెయ్యి భాగాలు దాటినవే. ఆవిడ సీరియళ్ళలో మధ్యతరగతి ఇల్లు మధ్యతరగతి ఇల్లులాగే ఉండేది. ఆడవాళ్ళు ఉద్యోగాలకి వెళ్ళేవారు, డబ్బుల గురించి మాట్లాడుకునేవారు. అరవంలోంచి వచ్చిన రాధికగారి 'పిన్ని'ని కూడా మావాళ్ళు పరాయిదనుకోలేదు.

అసలు మజా కరెంటు పోయిన మర్నాడు ఉండేది. కోత వేళ ఒక్కో పేటకి ఒక్కోలా ఉండేది కనుక ఒక వీధి చూసింది ఇంకో వీధి చూసేది కాదు. పొద్దున్నే కుళాయి దగ్గర బిందెలు వరసగా పెట్టి పంచాయితీ.

"ఏవండీ వదినగారూ, రాత్రి మాకు కరెంటు పోయిందండీ. ఆ పిల్ల ఏమందండీ?"

"ఏమంటుందండీ, ఏడ్చింది."

"అంతేనా?"

"ఆయ్! మొదట ఏడ్చింది, ప్రకటనలు వచ్చాయి, మళ్ళీ ఏడ్చింది. అత్తగారు తలుపు చాటునుంచి విందండీ."

"వింటుందని నేను మొన్నే అనుకున్నానండీ!"

చూడండి, ఇరవై నిమిషాల సీరియల్‌లో జరిగింది ఇంతే. కానీ కుళాయి దగ్గర అది అరగంట. ఆ అత్తగారి మనసులో ఏముందో, రేపేం చేస్తుందో, చేస్తే ఈ పిల్ల ఏం చెయ్యాలో అక్కడ తేలేది. తన ఇంట్లో అత్తగారిని పల్లెత్తు మాట అనలేని కోడలు టీవీలో అత్తగారిని కడిగి ఆరేసేది. విన్నవాళ్ళందరికీ ఎవరిని తిడుతోందో తెలుసు. పక్కనే నిలబడ్డ ఆ అత్తగారికీ తెలుసు. అయినా ఎవరికీ గొడవ లేదు, సీరియల్ గురించే కదా! ఈ సౌకర్యం సినిమా ఇవ్వలేదు, నవల ఇవ్వలేదు.

రానురాను సీరియళ్ళు పాడయ్యాయని పెద్దవాళ్ళు అంటారు. నిజమే. కారణం మాత్రం మనుషుల్లో వెతక్కూడదు. వారానికి ఐదారు భాగాలు తీయాలి. వారం వారం రేటింగ్ వస్తుంది. అది బాగుంటే కథ అయిపోయినా ఆపనివ్వరు, బాగోకపోతే కథ మధ్యలో ఉన్నా కొనసాగనివ్వరు. నటుడు వెళ్ళిపోతే ప్రమాదం, ముఖానికి కట్టు, కట్టు విప్పితే కొత్త మనిషి. చెంపదెబ్బ కొడితే ఇంట్లో పది ముఖాలూ మూడేసిసార్లు ఉరుముతో చూపించి ఆ రోజుకి సరిపెట్టాలి. పదమూడు వారాల నిబంధన విలువ అప్పుడు తెలిసింది.

ఈ సాగదీతకి పూర్తిగా ఎదురు నిలబడింది ఒక్కటే, 'అమృతం'. గుణ్ణం గంగరాజుగారిది. 2001 నవంబరు 18న జెమినీలో మొదలై, 2007లో అదే తేదీన ముగిసింది. మూడు వందల పైచిలుకు భాగాలు. హోటల్ పెట్టి ఎప్పటికీ బాగుపడని ఇద్దరు స్నేహితులు, అద్దె అడిగే అప్పాజీ, వంటింట్లో సర్వం. అమృతరావు పాత్రని శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు చివరిదాకా ఉన్నారు. హీరో మారినా మాకు పట్టింపు లేకపోయింది. ముఖానికి కట్టు కట్టి నాటకం ఆడలేదు వాళ్ళు. ఇదిగో కొత్త అమృతం అంటే, సరే అన్నాం. ఏ భాగం కథ ఆ భాగంతో సరి. రేపటికి మనల్ని తాకట్టు పెట్టదు. ఏడిపించకుండా ఆరేళ్ళు జనాన్ని కూర్చోబెట్టడం తెలుగు టీవీలో మళ్ళీ ఎవరివల్లా కాలేదని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు ఉత్తరం రాయండి.

మొన్నమొన్నటి 'కార్తీకదీపం' వంటలక్కనీ డాక్టర్‌బాబునీ నేనూ చూశాను. 2017 నుంచి 2023 దాకా ఊళ్ళో అదే మాట. కానీ అప్పటికే కుళాయిలు ఇళ్ళలోకి వచ్చేశాయి. ఎవరి భాగం వాళ్ళ ఫోనులో, ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళకి. 2020లో లాక్‌డౌన్‌లో మార్చి 28నుంచి 'రామాయణ్' మళ్ళీ వేశారు. దేశంలో కోట్లమంది చూశారు, నేనూ చూశాను. ఈసారి బొమ్మ స్పష్టంగా ఉంది, హిందీ నాకూ వచ్చు. పక్కన తగాదాకి మనిషి లేక ఆ సీత నటన ఎలా ఉందో తేల్చుకోలేకపోయాను. ఒంటరిగా చూస్తే అది సీరియల్ కాదండీ, ముక్కలుగా కోసిన పొడుగాటి సినిమా.

చివరిగా ఒక విన్నపం. హిందీ సీరియళ్ళకి కొదవలేదు, ఎక్కడంటే అక్కడ దొరుకుతున్నాయి. 'అమృతం' యూట్యూబులో ఉంది. 1980లు, 90ల నాటి దూరదర్శన్ తెలుగు సీరియళ్ళు మాత్రం చాలావరకు దొరకవు. వాటిలో ఎన్నింటికో హక్కులు నిర్మాతల దగ్గర ఉండిపోయాయి, ఆ నిర్మాతల్లో కొందరు ఇప్పుడు లేరు. ఆ రోజుల్లో వీసీఆర్ ఉన్న ఇళ్ళవాళ్ళు ఇష్టమైన భాగాల్ని పెళ్ళి క్యాసెట్ల మీదే రికార్డు చేసుకునేవారు. అటక మీద, బీరువా అడుగున అలాంటి వీడియో క్యాసెట్ ఉంటే పారెయ్యకండి. మన గోదావరి గాలికి టేపు మీద తెల్లగా బూజు పడుతుంది. అలా ఉంటే ఇంట్లో పాత వీసీఆర్‌లో పెట్టి తిప్పకండి, టేపు తెగొచ్చు. పొడిగా ఉన్న చోట నిలువుగా పెట్టండి. క్యాసెట్లని కంప్యూటరులోకి ఎక్కించే స్టూడియోలు పట్టణాల్లో వెతికితే ఇంకా దొరుకుతాయి. పెళ్ళి వీడియో అని చేయిస్తే సరే, చివర మిగిలిన టేపు కూడా ఎక్కించమని మాత్రం మరిచిపోకుండా చెప్పండి. సీరియల్ ముక్క ఉండేది అక్కడే.